కార్మికుల మెట్లలో కులం ఎక్కడ?

కార్మికులంతా ఒక్కటే అన్న మాట మేడే జెండాల కింద వింటూనే ఉన్నాం. ఆ ఒక్కటిలో మావాళ్లు ఏ మెట్టు మీదున్నారని అడిగితే మాత్రం ఐక్యతను చీలుస్తున్నామంటారు. కాబట్టి ఆ మెట్లనే చూద్దాం.

1945లో పారిస్‌లో ప్రపంచ కార్మిక సంఘాల సమాఖ్య పుట్టింది. ప్రచ్ఛన్న యుద్ధంలో, 1949లో, అది చీలింది. చీలిపోయిన పాయకు వారసత్వంగా 2006లో వియన్నాలో అంతర్జాతీయ ట్రేడ్ యూనియన్ కాన్ఫెడరేషన్ ఏర్పడింది. మన ఏఐటీయూసీ, సీఐటీయూ మొదటి దాంట్లో, హెచ్‌ఎంఎస్, సేవ రెండో దాంట్లో ఉన్నాయి. ఇవిగాక పరిశ్రమలవారీ సమాఖ్యలున్నాయి. 2013లో బంగ్లాదేశ్‌లో రాణా ప్లాజా కూలి 1,100 మందికి పైగా చనిపోయాక, బట్టల బ్రాండ్ల చేత భద్రతా ఒప్పందం మీద సంతకాలు పెట్టించింది ఇండస్ట్రియాల్, యూని అనే అలాంటి సమాఖ్యలే. ఆ మేలును మేం కాదనం.

అయితే వీటిల్లో కార్మికుడు నేరుగా సభ్యుడు కాడు, అతని సంఘం సభ్యురాలు. పాకీపని చేసే మనిషి బాధ జెనీవా చేరాలంటే ముందు ఇక్కడి నాయకత్వం నోట రావాలి. ఆ నోరు వర్గం దగ్గరే ఆగిపోతే పైవాళ్లకు కులం వినపడదు. ఉపాధిలో వివక్ష మీద ఐఎల్‌ఓ 1958లో చేసిన 111వ ఒడంబడిక జాతి, రంగు, మతం అని పేర్లు పెట్టి చెప్పింది. కులం పేరు అందులో లేదు. 'సామాజిక మూలం' అన్న మాటలోంచి దాన్ని తీసి చదువుకోవాల్సిందే. భారత్ దాన్ని 1960లోనే ఆమోదించింది.

ఇది కొత్త జబ్బేం కాదు. బొంబాయి మిల్లుల్లో ఎక్కువ జీతమొచ్చే నేత విభాగంలోకి అంటరానివాళ్లను తోటి కార్మికులే రానివ్వలేదు. 1938లో మన్మాడ్‌లో రైల్వే కార్మికుల ముందు అంబేడ్కర్ బ్రాహ్మణిజం, పెట్టుబడిదారీ రెండూ శత్రువులేనన్నది అందుకే.

దారి లేకపోలేదు. తమిళనాడు దిండిగల్‌లో ఒక దళిత కార్మికురాలి హత్య తర్వాత, దళిత స్త్రీల నాయకత్వంలోని చిన్న సంఘం పోరాడి 2022లో ఒప్పందం సాధించింది. ఫ్యాక్టరీ యజమానులూ, హెచ్ అండ్ ఎమ్ కంపెనీ సంతకాలు చేశారు. అందులో లింగ వివక్షతో పాటు కుల వివక్షనూ పేరుపెట్టి నిషేధించారు. ఆసియా ఫ్లోర్ వేజ్ అలయెన్స్ లాంటి బయటి సంస్థలు తోడు నిలిచాయి. కానీ ముందు మాట్లాడింది కిందివాళ్లే.

కనుక జాతీయ సంఘాలను మేం అడిగేది ఇదీ: అంతర్జాతీయ మహాసభలకు మీరు పంపే ప్రతినిధుల్లో మావాళ్లెందరు? మీరు రాయించే ఒప్పందాల్లో కులం అన్న మాట ఉంటుందా, ఉండదా?