అద్దె ఫ్లాటు, అప్పు లెక్క

2025 డిసెంబరులో రిజర్వు బ్యాంకు రెపో రేటును 5.25 శాతానికి తగ్గించిన రోజు సాయంత్రమే మా మేనల్లుడు మియాపూర్ నుంచి ఫోన్ చేశాడు. "మామయ్యా, ఇదే మంచి టైం కదా! ఫ్లాట్ కొని అద్దెకిచ్చేస్తే ఈఎంఐ దాని పాటికి అదే వెళ్లిపోతుంది." ఆదివారం ఇంటికి రమ్మన్నాను.

2021 జూన్‌లో నేనూ ఇదే మంచి టైం అనుకున్నాను. అప్పుడు రెపో 4 శాతం. నాకు 6.75కి అప్పు దొరికింది. 50 లక్షలు, ఇరవై ఏళ్లు, నెలకు 38,018 రూపాయలు. అద్దె 20 వేలు. మిగతా 18 వేలు జీతంలోంచి సర్దుకోవచ్చని సంతకం పెట్టేశాను.

నాది రెపోకి ముడిపడ్డ ఫ్లోటింగ్ లోను. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరిలోపు రెపో 6.5కి ఎక్కింది, నా వడ్డీ 9.25 అయింది. ఈఎంఐ మారలేదు కదా అని నేను పట్టించుకోలేదు. ఆ వేసవిలో స్టేట్‌మెంట్ తీసి చూస్తే గుండె గుభేలుమంది. కట్టిన 38,018లో వడ్డీకే 37 వేల పైచిలుకు పోయింది. అసలుకు జమైంది ఎనిమిది వందలైనా లేదు. ఆ లెక్కన అప్పు తీరడానికి ఇంకో నలభై ఏళ్లు పడుతుంది! చివరికి ఈఎంఐ 46 వేలకు పెంచుకున్నాను. అద్దె మాత్రం వెయ్యే పెరిగింది.

అంతకన్నా బాధపెట్టింది ఇంకొకటి. వడ్డీ చవగ్గా దొరికిందన్న సంబరంలో ధర దగ్గర నేను గట్టిగా బేరమాడలేదు. ఆ వడ్డీ రెండేళ్లు కూడా నిలవలేదు. ఇచ్చిన ధర ఇచ్చినట్టే ఉండిపోయింది. అందుకే అద్దె కోసం కొనేవాళ్లకు వడ్డీ ఎక్కువగా ఉండి, కొనేవాళ్లు వెనకాడే రోజులే నయమంటాను. అప్పుడు అమ్మేవాడు మన మాట వింటాడు. తర్వాత వడ్డీ తగ్గితే మన అప్పు భారం కూడా తగ్గుతుంది.

ఆదివారం మావాడి చేతే లెక్క వేయించాను. ఇవాళ్టి వడ్డీకి రెండు శాతం కలపమన్నాను. ఏడాదిలో ఒక నెల ఖాళీ, సొసైటీ మెయింటెనెన్స్, రంగుల ఖర్చు అద్దెలోంచి తీసేయమన్నాను. వాడు కొత్త పన్ను విధానంలో ఉన్నాడు కాబట్టి అద్దెను మించిన వడ్డీతో వచ్చే నష్టాన్ని జీతంలోంచి తగ్గించుకునే వీలూ లేదు. నెలకు చేతి నుంచి పడేది చూసి కాసేపు మాట్లాడలేదు.

"బిల్డర్ చెప్పిన రేటుకైతే వద్దు మామయ్యా," అని, సగం తాగిన కాఫీ పక్కన పెట్టి, ఎంత తగ్గితే సరిపోతుందో మళ్లీ మొదటి నుంచి లెక్క మొదలుపెట్టాడు.