మౌనమును ధ్వనియు : ఆసియా 'బాయ్స్ లవ్' నాటకములపై ఒక విచారణ

ఇరువురు పురుషుల నడుమ నంకురించి వర్ధిల్లు ప్రేమను ప్రధానేతివృత్తముగా గైకొని జపాను, చైనా, తైవాను, థాయిలాండు, కొరియా మున్నగు దేశములందు వెలువడుచున్న టెలివిజను నాటకములకు 'బాయ్స్ లవ్' అని పేరు. పేరున 'బాయ్స్' అని యున్నను ఇట పరిశీలింపబడు కథలలోని నాయకులు యువకులే గాని బాలురు కారు. ఉపశీర్షికల సాయమున ఈ నాటకములు మన దేశమందును అభిమానులను సంపాదించుకొన్నవి. వారు వీనిని గూర్చి చెప్పుకొనునది విస్తారమే యైనను, అందధికభాగము నటుల రూపమును మెచ్చుటతోడనే ముగియుచున్నది. మేమును వీనిని అభిమానముతో చూచినవారమే. కాని అభిమానము విమర్శకు మొదలు కావలెను గాని తుది కారాదు. ఆయా భాషలు మాకు రావు, ఉపశీర్షికలే మాకాధారము. కావున పలుకుల సొగసును గూర్చి తీర్పు చెప్పక, కథాసంవిధానమును, రసపోషణమును మాత్రమే విచారింతుము.

ఈ ప్రక్రియకు మూలము జపాను చిత్రకథలు. 1970 మొదలుకొని పదేండ్లలో హాగియో మోతో, తకెమియా కెయికో మున్నగు రచయిత్రులు దీనికి రూపము కల్పించిరి. ఆదినుండియు దీనిని వ్రాసినవారును చదివినవారును ప్రధానముగా స్త్రీలే యగుట గమనింపదగిన విషయము. చైనాలో ఇది 'దాన్మే' అను పేర అంతర్జాల నవలగా పెరిగినది. సౌందర్యమున మునిగియుండుట యని ఆ పదమున కర్థము. థాయిలాండులో 2014లో 'లవ్ సిక్', 2016లో 'సోటస్' అను ధారావాహికలు దారి తీయగా, 2020లో వచ్చిన 'టుగెదర్' ఆ దేశపు నాటకములకు ఎల్లలు దాటిన ప్రసిద్ధిని చేకూర్చెను. చరిత్ర యింతటితో చాలును. మా విచారణ వేఱొక ప్రశ్నను గూర్చినది.

చైనాలో ఈ ప్రేమను తెరపై బాహాటముగా చూపుటకు అధికారుల సమ్మతి లేదు. 2016 ఫిబ్రవరిలో 'అడిక్టెడ్' అను ధారావాహిక కథ ముగియకమునుపే ప్రసారవేదికలనుండి తొలగింపబడెను. అటుపిమ్మట నిర్మాతలు నవలలోని ప్రణయమును తెరపై మైత్రిగా మార్చి చూపసాగిరి. 2018 నాటి 'గార్డియన్', 2019 నాటి 'ది అన్‌టేమ్డ్', 2021 నాటి 'వర్డ్ ఆఫ్ ఆనర్' ఈ మార్గమున వచ్చినవి. థాయి, జపాను నాటకములకు ఇట్టి నిర్బంధము లేదు. ఈ భేదమును చూచి అభిమానులలో పలువురొక వాదము చేయుదురు: నిషేధమే చైనా నాటకములకు మేలు చేసినది, చెప్పరానిది కనుకనే ఆ ప్రేమ ధ్వనించినది, థాయి నాటకములలో సర్వమును చెప్పబడుటచే రసము పలుచబడినది. ధ్వనియే కావ్యాత్మ యని యంగీకరించిన మనకు ఈ వాదము మిక్కిలి రుచించును. రుచించుచున్నది గనుకనే దీనిని జాగ్రత్తగా పరీక్షింపవలసియున్నది.

ముందుగా వాదమునందలి బలమును చూతము. 'ది అన్‌టేమ్డ్' యేబది భాగముల నాటకము. మో షియాంగ్ తోంగ్ షియూ నవల దీనికి మూలము. ఇందు వెయ్ వూషియాన్ అల్లరివాడు, నవ్వుమోమువాడు. లాన్ వాంగ్జీ మితభాషి, నియమపాలకుడు. గుహలో గాయపడి జ్వరముతో పడియున్న వెయ్‌కు లాన్ ఒక పాట నాలపించును. కథలో తరువాత వెయ్ మరణించినట్లు లోకము తలచును. పదునాఱేండ్లు గడచినపిదప, మాఱువేషమున తిరిగి వచ్చిన అతడు ఒక కొండపై, అనాలోచితముగా, ఆ పాటనే వేణువుపై నూదును. లాన్ వచ్చి అతని మణికట్టు పట్టుకొనును. ప్రేమ యను మాట లేదు, ఆలింగనము లేదు. శకుంతలకు ఉంగరమెట్టిదో వీరికి ఆ పాట యట్టిది. పైగా ఉంగరమును చేపయైన మ్రింగవచ్చును. పాటను మ్రింగజాలినది లేదు. నాటకాంతమున ఇరువురును విడిపోవుదురు. ఒంటిగా వేణువూదుచున్న వెయ్‌ను వెనుకనుండి ఒక కంఠము పేరు పెట్టి పిలుచును. అతడు వెనుదిరిగి చిఱునవ్వు నవ్వును. అంతటితో కథ సమాప్తము. ఆ పిలుపునందు పునస్సమాగమమంతయు నిమిడియున్నది. ఇది ఉత్తమమైన వ్యంగ్యమనుటలో మాకు సందేహము లేదు.

కాని యీ యుత్కర్షకు నిషేధమే కారణమా? కార్యకారణభావమును నిర్ణయించుటకు అన్వయవ్యతిరేకములు రెండును కావలెను. నిషేధమున్నచోట ధ్వని యుండవలెను. నిషేధము లేనిచోట ధ్వని యుండరాదు. 'గార్డియన్' నాటకమున నిషేధము సంపూర్ణముగా నున్నది. ప్రేమ మైత్రి యైనది. నవలలోని ప్రేతలోకము సైతము అన్యగ్రహ సంబంధమైన విజ్ఞానకల్పనగా మాఱినది. అందు నటుల చూపులలో భావమున్నమాట నిజమే. కాని ఆ చూపులకు ఆధారముగా నిలువవలసిన కథ అతుకులబొంతయై, విభావములు విడివడి, రసము నిలువ నీడలేక పోయినది. నిషేధముండియు ధ్వని నిర్వహింపబడలేదు. అన్వయ మిట తప్పినది.

ఇక వ్యతిరేకమునకు జపాను నాటకమును చూతము. యోషినాగా ఫుమి చిత్రకథ నాధారముగా గొని 2019లో ప్రసారమైన 'కినో నాని తబెత?' అను నాటకమున కథ యనదగినది స్వల్పము. షిరో న్యాయవాది, కెంజీ క్షురకళాజీవి. ఇరువురును ఒకే యింట కాపురముందురు. షిరో సాయంకాలము కార్యాలయమునుండి వచ్చి, ఏ దుకాణమున కూర చౌకయో చూచి కొని, వంట చేయును. ఇరువురును కూర్చుండి భుజింతురు. పేరున కర్థము 'నిన్న నేమి తింటివి?' యనియే. నిషేధమేమియు లేకున్నను ఇందు శృంగారచేష్టలు దాదాపు కానరావు. ప్రేమ యంతయు నొకడు వండుటలోను, వేఱొకడు మొదటి ముద్ద నోట బెట్టుకొని ముఖము వికసింపజేయుటలోను వ్యక్తమగును. ఇట రచయిత్రిని మాటాడవలదని యెవరును శాసింపలేదు. ఆమె తానుగా మాట తగ్గించినది. అనగా నిషేధము లేనిచోటను ధ్వని పరిపూర్ణముగా నున్నది. వ్యతిరేకమును తప్పినది. కావున ధ్వనికి హేతువు కవిప్రతిభయే గాని అధికారి కత్తెర కాదు.

మఱియొక దృష్టాంతము ఈ విషయమును ఇంకను స్పష్టము చేయును. 'వర్డ్ ఆఫ్ ఆనర్' నాటకమున కొన్ని ఘట్టములలో నటుని పెదవుల కదలికకును వినబడు పలుకునకును పొత్తు కుదురదు. చిత్రీకరణవేళ పలికిన మాట వేఱు, పిదప గాత్రధారణమున చేర్చిన మాట వేఱు. చైనా భాష తెలిసిన అభిమానులు పెదవులను పరిశీలించి అసలు పలుకును ఊహించి, పరస్పరము చెప్పుకొని సంతసించిరి. ఈ శ్రమ మెచ్చదగినదే. కాని దీనిని ధ్వని యనవచ్చునా? ఆనందవర్ధనుని మతమున ధ్వనియందు శబ్దార్థములు తమ్ము తాము గౌణము చేసికొని వేఱొక యర్థమును వ్యక్తము చేయును. వాచ్యము వ్యంగ్యమునకు మెట్టు. మెట్టు నెక్కియే మీదికి పోవలెను. ఇట వాచ్యము వ్యంగ్యమునకు మెట్టు కాదు, అడ్డుగోడ. నోరొకటి పలుక చెవి కొకటి వినబడుట వ్యంజన కాదు, గొంతును మార్చుట. మమ్మటుడు గుణీభూతవ్యంగ్యమున 'అస్ఫుటము' అను భేదమును చెప్పినాడు. సహృదయులకు సైతము కష్టముమీద గాని తెలియనిది యని దాని తాత్పర్యము. అది కవి లోపము. ఇట లోపము కవిది కాదు. కావున సహృదయుడు రసాస్వాదము మాని పాఠపరిష్కర్త పని చేయవలసివచ్చినది. తాళపత్రమున చెదలు తిన్న యక్షరమును మనమూహించి పూరింతుము. అంతమాత్రమున చెదలును కవి యనము గదా.

నిషేధమువలని నష్టము మాటతో పోవునది మాత్రమే యని తలచుట పొరపాటు. మా యభిప్రాయమున అసలు నష్టము వేఱొకచోట నున్నది. విరహమును సూచనచే చూపవచ్చును. నిరీక్షణమును, త్యాగమును చూపవచ్చును. మరణమును సైతము చూపవచ్చును. కనుకనే చైనా నాటకములు విప్రలంభమున నిపుణములైనవి. కాని కాపురమును సూచనచే చూపుట యెట్లు? నెలసరి వంటఖర్చుల లెక్క, ఒకరికి పడని కూర రెండవవారికి ప్రియమగుట, వయసు మీఱుచున్నదన్న దిగులు, తల్లిదండ్రుల గడప యెట్లు తొక్కుటయను చింత — ఇవి ఇరువురు ఒకే కప్పు క్రింద బ్రతుకుచున్నారని బాహాటముగా నంగీకరించిన పిదపగాని పుట్టవు. షిరో నూతన సంవత్సరమునాడు కెంజీని తన తల్లిదండ్రుల యింటికి తోడ్కొని పోవును. అట్టి దినము తన జీవితమున వచ్చునని తలపనేలేదని కెంజీ కన్నీరు పెట్టును. 2019 నాటికి జపానులో వీరి వివాహమునకు శాసనము లేదు. ఒక భోజనమునకు పిలువబడుటయే వారికి పెండ్లి. ఈ ఘట్టమును మైత్రి పేర చూపినచో దానికి అర్థమే యుండదు. మిత్రుని యింట భోజనము చేసి యెవ్వడును ఏడ్వడు. నిషేధము ప్రేమను దాచుటమాత్రమే గాక, ప్రేమ తరువాతి జీవితమునంతటిని సాహిత్యమున కందకుండ చేయుచున్నది.

మౌనమే ఇతివృత్తమైన నాటకము లేకపోలేదు. 2021లో ప్రారంభమైన థాయి నాటకము 'బ్యాడ్ బడ్డీ'లో ప్యాట్, ప్రాన్ అను యువకులు ప్రక్కప్రక్క యిండ్లవారు. రెండు కుటుంబములకును చిరకాలవైరము. విశ్వవిద్యాలయమున వీరి మిత్రవర్గములును పోరాడుకొనును. ఇరువురును బహిరంగమున శత్రువులు, ఏకాంతమున ప్రియులు. తుదకు వారు తమ సంబంధము ముగిసినట్లు పెద్దల యెదుట నటించుచు దానిని కొనసాగింతురు. పెద్దలును తెలిసియు తెలియనట్లు నటింతురు. ఈ ముగింపు కొందఱకు నచ్చలేదు. మాకు మాత్రము ఇది మిక్కిలి సత్యముగా తోచినది. ఇట మౌనము నాటకముపై విధింపబడినది కాదు, నాటకముచే చూపబడినది. ఒక యింట నలుగురును ఎఱిగిన విషయమును నలుగురును పలుకకుండుట యెట్టి భారమో దర్శకుడు నొప్ఫార్నాచ్ చైవిమోల్ ప్రేక్షకున కెఱిగించెను. మౌనమును గూర్చి మాటాడుటకును స్వేచ్ఛ కావలెను.

ఇంతమాత్రమున స్వేచ్ఛ గల నాటకములన్నియు ఉత్తమములని మేమనము. థాయి నాటకములలో వాచాలములు పెక్కు. నాయకుడు ప్రేమించుచున్నానని చెప్పిన తరువాత, పాట చెప్పును. పాట తరువాత మిత్రుడు చెప్పును. మధ్య తినుబండారముల ప్రకటనయు దూరును. మఱియు 2019 నాటి 'థార్న్‌టైప్'లో వలె, ఎదుటివాని సమ్మతి లేని స్పర్శను ప్రేమకు నాందిగా చూపు కథలును కలవు. సాహిత్యదర్పణకారుడు అనుభయనిష్ఠమైన రతిని, అనగా ఇరువురియందును గాక ఒకరియందు మాత్రమే యుండు రతిని, రసాభాసగా గణించెను. ఈ నాటకములను రసాభాసలని తేలికగా త్రోసివేయువారు ఈ లక్షణమును మఱల చదువవలెను. షిరో కెంజీల రతి ఉభయనిష్ఠము, అది శృంగారమే. సమ్మతి లేనిచోట, నాయకు లెవ్వరైనను, అది ఆభాసయే. దోషము ప్రేమించినవారి లింగమున లేదు, ఒకరి మనస్సు రెండవవారి కక్కఱలేకపోవుటలో నున్నది.

తైవానులో 2019 మే 24ననుండియు, థాయిలాండులో 2025 జనవరి 23ననుండియు ఇట్టి వివాహములకు చట్టసమ్మతి కలిగినది. చైనాలో 2021 సెప్టెంబరులో అధికారులు స్త్రీసహజమని తాము తలచిన పురుషవేషభాషలను సైతము తెరనుండి తొలగింప నాదేశించిరి. నిషేధము నిజముగా ధ్వనికి తల్లియే యైనచో అట నిప్పటికి గొప్ప కావ్యములు వెల్లువగా రావలసియుండెను. అట్లు రాలేదు, ఈ మార్గపు నాటకములే యరుదైనవి.

కావున 'ది అన్‌టేమ్డ్' నాటకమును మేము తక్కువ చేయుట లేదు. నిర్బంధమున్నను అది యుత్తమమైనది. నిర్బంధముచే నుత్తమమైనది కాదు. ఆ ప్రశంస కర్హులు రచయిత్రి, నటులు, సంగీతకర్తలు. దానిని కత్తెర పట్టినవారికి పంచిపెట్టుట అన్యాయము. ఇకమీద పరిశోధకులు ఏ రచనయందైనను మౌనమును మెచ్చుటకు ముందు, ఆ నోరు తానై మూసికొన్నదా, మూయబడినదా యని విచారింతురు గాక.