ప్రథమజనుల శిశుకుటుంబసమీక్ష: విమర్శనము

కెనడాదేశమున 2004వ సంవత్సరము సెప్టెంబరునెలలో ‘ఫస్ట్ పీపుల్స్ చైల్డ్ అండ్ ఫ్యామిలీ రివ్యూ’ యను పత్రిక యొకటి పుట్టినది. ఆ నామమును దెనిగించినచో ‘ప్రథమజనుల శిశుకుటుంబసమీక్ష’ యగును. ఈ షష్ఠి యే యర్థమున వచ్చినదని నాకు దోచిన మొదటి ప్రశ్నము. ప్రథమజనులనుగూర్చి యొరులు చేయు సమీక్షయా, ప్రథమజనులే చేయు సమీక్షయా? మొదటిది కర్మషష్ఠి, రెండవది కర్తృషష్ఠి. వైయాకరణుల చాదస్తమని పాఠకులు నవ్వుదురుగాక. ఆ పత్రిక పుట్టుటకు గారణ మీ భేదమునందే యున్నది.

ఆ దేశపు శాసనములలో ప్రథమజనుల బిడ్డలు చిరకాలము కర్మపదములుగనే యుండిరి. 1920లో ఇండియన్ ఆక్టును సవరించి వారిని బడులకు బంపుట నిర్బంధము గావించిరి. తలిదండ్రులనుండి వేఱుచేసి, మాతృభాషను మఱపించిన యా నిలయపాఠశాలలలో బిడ్డలు క్షయరోగముచే మడియుచున్నారని డాక్టరు పీటరు బ్రైసు 1907లోనే నివేదించెను. ప్రభుత్వము చెవిని బెట్టకపోగా 1922లో దన యాక్షేపణను దానే చిన్నపుస్తకముగ బ్రకటించెను. పిమ్మట పాఠశాలలు తగ్గినవి, శిశుసంక్షేమాధికారులు హెచ్చిరి. వేలకొలది బిడ్డలు పరకుటుంబములకు దత్తీయబడిరి. 2021వ సంవత్సరపు జనాభాలెక్కలో 14 ఏండ్లు మించని బాలలలో ఆదిమజనులవారు నూటికి 7.7 మంది, ప్రభుత్వము పెంపుడిండ్లలో నుంచిన బాలలలోనో, నూటికి 53.8 మంది! వీరినిగూర్చి పరులు వ్రాసిన గ్రంథములకు గొఱత లేదు. తమ్ముగూర్చి తాము వ్రాసికొను తావే కఱవు.

పత్రికను బ్రకటించు సంఘమునకు గిట్‌క్సాన్ జనమునకు జెందిన సిండీ బ్లాక్‌స్టాక్ కార్యనిర్వాహక సంచాలకురాలుగ బనిచేసినది. ఆ సంఘమే ప్రథమజనుల మహాసభతో గూడి 2007లో ప్రభుత్వముపై నభియోగము తెచ్చెను. శిశుసేవలకు ధనమిచ్చుటలో వివక్ష జరిగినదని 2016లో మానవహక్కుల ధర్మాసనము తీర్పు చెప్పెను.

వ్యాసములలో రెండింటిని మాత్రము పరిశీలింతును. 2009లో బ్లాక్‌స్టాక్ వ్రాసినదాని శీర్షికకు ‘దేవదూతల యప్పటప్పటి దుష్టత్వము’ అని యర్థము. మేలు చేయ సంకల్పించితిమి గావున మేలే చేసితిమని నమ్మిన సేవకులు తమ వృత్తివలని కీడును జూడజాలకపోయిరని యామె వాదము. ఇది మన శాస్త్రమునకును సమ్మతమే. ధాత్వర్థములో వ్యాపారమునకు గర్త యాశ్రయము, ఫలమునకు గర్మ యాశ్రయము. కావున ఫలము మంచిదో చెడ్డదో కర్మస్థానమున నున్నవానినే యడుగవలెను.

2010లో మార్గరెట్ కోవాచ్ సంభాషణమే పరిశోధనపద్ధతి యని ప్రతిపాదించినది. ప్రశ్నపత్రము చేతబట్టి యడుగుటకంటె, సంబంధము గలవారు కూర్చుండి కథలు చెప్పికొనుట జ్ఞానమార్గ మనుట. ఇది శాస్త్రము కాదని, గురుశిష్యసంవాదముననే శాస్త్రములు నేర్చిన మన మనరాదు. అయినను నా సంశయ మొకటి. పెద్దలమాట ప్రమాణమన్నచో, ఆ పెద్ద యెట్లాప్తుడయ్యెనో, ఎవ్వ రాతని నాప్తునిగ నెఱుగుదురో ఈ పద్ధతి ననుసరించు ప్రతివ్యాసమును జెప్పవలసియుండును. లేనిచో నాక్షేపకులకు ద్వారము తెఱచినట్లగును.

నాకు గొఱతగా దోచినది భాష. పత్రిక ప్రధానముగ నాంగ్లమున వెలువడుచున్నది. ఆంగ్లమున ‘ఆంట్’ అన్నచో తల్లి తోబుట్టువో, తండ్రి తోబుట్టువో, మేనమామభార్యయో తెలియదు. క్రీ భాషలో ‘నికావియ్’ యనగా నా తల్లి. ‘నికావీస్’ యనగా నా తల్లి తోబుట్టువు, అక్షరార్థమున చిన్నతల్లి. మన పినతల్లి యిట్టిదే గదా! నన్ను బెంచినది మా పినతల్లి; బడిలో జేర్చునాడు నీ తల్లి యెవరని పంతు లడుగగా నామెనే చూపితినట. ‘ఆంట్’ అను మాటతో జూచు నధికారికి కన్నతల్లి లేని క్రీ శిశువు దిక్కులేనిది. ఆ శిశువు నోటిమాటతో జూచువానికి దాని తల్లి యింటనే యున్నది. బిడ్డను గొనిపోవుటయు, మానుటయు నొక పదముపై నాధారపడును.

2020 జనవరి 1 నుండి యమలులోనికి వచ్చిన కెనడాశాసనము శిశుసంరక్షణవిషయమున స్వయముగ శాసనములు చేసికొను నధికారము ఆదిమజనులకు గలదని యంగీకరించినది. అందు ‘కుటుంబ’ శబ్దమునకు లక్షణము వ్రాయువారికి ఆయాభాషల బంధువాచకములు వ్యుత్పత్తులతో గావలసియుండును. అట్టి పట్టికల నచ్చువేయుట కీ పత్రికకంటె దగిన తావు నాకు గనబడదు.