ర్యామూ, రబ్బరూ, ఉప్పుగాలీ

డెస్క్‌టాప్ కంప్యూటర్‌లో ర్యామ్ పెంచడం, అంటే ప్రాసెసర్ పని చేస్తున్నంతసేపూ సమాచారాన్ని పరచుకునే తాత్కాలిక మెమరీని విస్తరించడం, మరమ్మతు పనులన్నింటిలోకీ తేలికైనదిగా పేరు పడింది. పాత స్టిక్ పక్కనున్న ఖాళీ స్లాట్‌లో కొత్త స్టిక్ పెట్టి, చివరనున్న గొళ్ళెం టక్కుమనేదాకా నొక్కితే పని అయిపోయినట్టే. ఆ తరువాత స్విచ్ వేస్తే తెర వెలగకపోవడం, పెట్టెలోంచి ఆగి ఆగి బీప్‌లు రావడం, మదర్‌బోర్డు మీద మెమరీకి కేటాయించిన చిన్న లైటు ఆరకుండా నిలిచిపోవడం కూడా అంతే మామూలు. విశాఖపట్నంలో ఈ పరిస్థితికి ఎప్పటినుంచో ఒకే కారణం చెబుతారు: ఉప్పుగాలి. వైద్యమూ ఒకటే: స్టిక్‌ను బయటకు తీసి, దాని అంచునున్న బంగారు రంగు పట్టీలను పెన్సిల్ రబ్బరుతో రుద్ది మళ్ళీ పెట్టడం.

ఈ వారం ఈ శీర్షికకు చిరాకు తెప్పించినది ఆ రబ్బరే. ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల 2025 చివరినుంచి ర్యామ్ ధరలు మండిపోతున్నాయి. ఆ డిసెంబరులో మెమరీ తయారుచేసే మైక్రాన్ సంస్థ సాధారణ కొనుగోలుదారుల కోసం నడిపిన క్రూషియల్ శ్రేణిని ఆపేస్తున్నట్టు ప్రకటించింది. అంతకు రెండు నెలల ముందు, అక్టోబరు 14న, అలాంటి డేటా సెంటర్‌నే 1500 కోట్ల డాలర్లతో విశాఖలో కడతామని గూగుల్ ప్రకటించింది. పాత యంత్రంలోంచి తీసిన స్టిక్‌కు కూడా విలువ వచ్చిన ఇలాంటి రోజుల్లో, దాని బంగారాన్ని బల్ల మీద పొడిగా రాలగొట్టడం, అప్పటికీ పని చేయకపోతే 'బోర్డు పోయింది' అని తీర్పు చెప్పడం ఎంతవరకు న్యాయం? ఆ తీర్పుతో ఈ శీర్షికకున్న పేచీ పాఠకులకు కొత్త కాదు.

నిజానికి ర్యామ్ చేర్చిన రోజున తలెత్తే ఇబ్బందుల్లో చాలావాటికి సముద్రంతో సంబంధమే లేదు. డీడీఆర్3 తరం స్టిక్‌కు 240 పిన్నులు, డీడీఆర్4కు 288. ఒకదాని చోట మరొకటి దూరకుండా అంచున గాడిని వేర్వేరు చోట్ల పెట్టారు కనుక ఆ పొరపాటు బలవంతం చేస్తే తప్ప జరగదు. జరిగేది వేరు. ప్రతి స్టిక్ మీదా దాని వేగాన్నీ, టైమింగులనూ బోర్డుకు తెలిపే ఎస్‌పీడీ అనే చిన్న చిప్ ఉంటుంది. నిర్ణీత ప్రమాణాన్ని మించి పరుగెత్తించే ఎక్స్‌ఎంపీ అనే అమరిక కూడా అందులోనే ఉంటుంది. ఒంటరిగా ఆ వేగాన్ని తట్టుకున్న పాత స్టిక్, పక్కన వేరే తయారీదారు స్టిక్ చేరాక తట్టుకోలేకపోవచ్చు, అప్పుడు బోర్డు అమరికలు మార్చే బయోస్‌లో దాన్ని తీసేస్తే తగువు తీరుతుంది. నాలుగు స్లాట్ల బోర్డుల్లో ప్రాసెసర్ వైపు నుంచి రెండోదీ నాలుగోదీ ముందు నింపాలన్న సంగతి బోర్డుతో వచ్చిన పుస్తకంలోనే ఉంటుంది, ఆ పుస్తకం మాత్రం ఎవరింట్లోనూ కనబడదు. కొత్త మెమరీని బోర్డు కొలుచుకునే ప్రక్రియకు, అంటే మెమరీ ట్రైనింగ్‌కు, డీడీఆర్5 యంత్రాల్లో కొన్ని నిమిషాలు కూడా పట్టవచ్చు. నల్లగా ఉన్న తెరను చూసి ఆ మధ్యలోనే కరెంటు తీసేసి, లేని జబ్బును ఖాయం చేసుకునేవారు తక్కువేమీ కాదు.

కనిపించని గాలిని తప్పుపట్టడం విశాఖ ఒక్కదాని అలవాటు కాదు. మెమరీలో అంకెలు వాటంతటవే తారుమారైతే ఇంజినీర్లు ఆకాశంలోంచి వచ్చే కాస్మిక్ కిరణాలను అనుమానించడం ఉంది. 1978 ప్రాంతంలో మే, వుడ్స్ అనే ఇంటెల్ పరిశోధకులు చిప్ తొడుగులోనే ఉన్న యురేనియం, థోరియం జాడలనుంచి వెలువడే ఆల్ఫా కణాలను పట్టుకున్నారు. 2009లో గూగుల్ సర్వర్ల మీద వెలువడిన అధ్యయనం మరో అడుగు వేసి, మెమరీ తప్పుల్లో అధికభాగం దారిన పోయే కణాలవల్ల కాక చిప్‌లో స్థిరపడ్డ లోపాలవల్లే పుడుతున్నాయని తేల్చింది. ఈ లెక్కన విశాఖ మెకానిక్ చెప్పే ఉప్పుగాలి కథను కూడా ఆ పాత అనుమానాల పక్కనే పడేయవచ్చుననిపిస్తుంది.

అయితే ఆ గాలి సంగతి అంత తేలికగా తీసిపారేయదగినది కాదు. 1933 డిసెంబరులో లార్డ్ విల్లింగ్డన్ ప్రారంభించిన ఓడరేవు, 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసిన ఉక్కు కర్మాగారం, ఈ రెంటి మధ్యా పెరిగిన ఊరిలో గాలి ఉప్పును మాత్రమే మోసుకురాదు; ఓడల్లో దిగే బొగ్గు ధూళి గురించి రేవు పక్క పాతపట్నం జనం పెట్టుకునే మొర ఏనాటిదో. బీచ్ రోడ్డు వెంట ఉన్న పాత మేడల్లో సన్‌షేడ్ పెచ్చులూడి లోపలి ఊచలు బయటపడేది కూడా ఆ ఉప్పువల్లే: క్లోరైడ్ కాంక్రీటులోకి ఇంకి ఇనుమును చేరుతుంది, తుప్పు అసలు ఇనుముకంటే ఎన్నో రెట్లు ఎక్కువ చోటు కోరుతుంది, కాంక్రీటు పగులుతుంది. 2001లో నౌకాదళ సేవనుంచి విరమించి, మరుసటి ఏడాది ఆర్కే బీచ్ ఇసుకలో మ్యూజియంగా కుదురుకున్న కురుసుర జలాంతర్గామికి ఇప్పుడు నీటి ఒత్తిడితో పని లేదు గాని, రంగుతో పని తప్పలేదు. ఉక్కు పోసే ఊరే ఉక్కును కొరికే గాలి పీల్చడం ఒక విచిత్రం, దాన్ని అక్కడివారు విచిత్రంగా భావించకపోవడం మరొకటి.

రసాయనశాస్త్రం కూడా ఆ మెకానిక్ పక్షానే ఉంది. మామూలు ఉప్పు, గాలిలో తేమ 75 శాతం దాటితే దానంతటదే నీరవుతుంది; సముద్రపు ఉప్పులో కలిసి ఉండే మెగ్నీషియం క్లోరైడుకు 33 శాతం తేమే చాలు, అంటే విశాఖలో ఆ పొర ఎండే రోజు దాదాపు ఉండదు. బంగారానికి తుప్పు పట్టదు, కానీ స్టిక్ అంచున ఉన్న పూత మందం ఒక మైక్రాన్, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు, కూడా ఉండదు; దాని సన్నని రంధ్రాల గుండా తడి ఉప్పు కిందనున్న నికెల్‌నూ రాగినీ చేరి, అక్కడి కిలుమును పైకి పాకిస్తుంది. రబ్బరు ఆ కిలుముతో పాటు బంగారాన్నీ గీకేస్తుంది కనుక ఆ పూటకు యంత్రం వెలిగినా, మళ్ళీ కిలుము పట్టడానికి దారులు పెరుగుతాయి.

ఇంతవరకు రబ్బరును దోషిగా నిలబెట్టి ముగించవచ్చు. ఖాళీ స్లాట్‌ను లెక్కలోకి తీసుకుంటే మాత్రం వాదన మలుపు తిరుగుతుంది. ఏళ్ళ తరబడి కదలని పాత స్టిక్ అంచును స్లాట్‌లోని స్ప్రింగు పిన్నులు గట్టిగా అదిమి పట్టుకోవడంతో ఆ స్పర్శబిందువుల్లోకి గాలి చొరబడదు. పక్కనున్న ఖాళీ స్లాట్‌కు అలాంటి రక్షణ లేదు. కిటికీ పక్కన పెట్టిన యంత్రంలోకి ఫ్యాన్ లాగిన ధూళీ ఉప్పూ దాని పిన్నుల మీదే ఏళ్ళుగా పేరుకుంటాయి. ర్యామ్ పెంచేవారు కొత్త, శుభ్రమైన స్టిక్‌ను తీసుకెళ్ళి సరిగ్గా ఆ స్లాట్‌లోనే పెడతారు. ఉప్పుగాలిని తప్పుపట్టిన మెకానిక్ మాట నిజమే, అతడు రుద్దిన చోటే తప్పు. 'తీసి మళ్ళీ పెట్టి చూడు' అనే అతడి సలహా కూడా మూఢనమ్మకం కాదు, ఎందుకంటే స్టిక్ దిగే ప్రతిసారీ పిన్ను మీది పొర కొంత గీసుకుపోతుంది. ఈ శీర్షిక ఇన్నాళ్ళూ వెక్కిరించిన మాట అది.

పరీక్ష కష్టమైనదేమీ కాదు. కరెంటు తీగ పీకేసి, కొత్త స్టిక్ ఒక్కదాన్నే పాత స్లాట్‌లో పెట్టాలి. వెలిగితే కొత్తది మంచిదే, అక్కడ మెమరీని పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్రోగ్రామును ఒక రాత్రంతా నడిపితే సందేహం పూర్తిగా తీరుతుంది. తరువాత పాతది ఒక్కదాన్నే ఖాళీ స్లాట్‌లో పెట్టాలి; అది కూడా మొరాయిస్తే దోషం స్లాట్‌దే. బ్లోయర్‌తో దుమ్ము ఊది, మెత్తని బ్రష్‌కు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది తుడిచి, పూర్తిగా ఆరాక పాత స్టిక్‌నే కొన్నిసార్లు దింపి తీసి చూడాలి. అప్పటికీ లొంగకపోతే ఆ స్లాట్ పోయింది, బోర్డు కాదు. రెండు 8 జీబీ స్టిక్‌ల ఆలోచన మానుకుని, బోర్డు ఒప్పుకునే పక్షంలో, మంచి స్లాట్‌లో ఒకే 16 జీబీ స్టిక్ పెట్టుకుంటే రెండు దారుల్లో సమాచారం నడిచే డ్యూయల్ ఛానల్ వేగం దక్కదు గాని, బిల్లులు కొట్టే గుమాస్తాకూ ఆన్‌లైన్ పాఠం వినే విద్యార్థికీ ఆ తేడా తెలియదు.