ఊపిరి వదలడానికి వ్యవధి

సీఓపీడీ (శ్వాసనాళాలు సన్నబడే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు) రోగికి గాలి లోపలికి పోవడం కన్నా బయటికి రావడమే కష్టం. ఏళ్ల తరబడి బీడీ పొగో, కట్టెల పొయ్యి పొగో పీల్చి సన్నబడ్డ శ్వాసనాళాలు ఊపిరి వదిలేటప్పుడు ఇంకా ముడుచుకుంటాయి. పాత గాలి ఖాళీ కాకముందే కొత్త గాలి వచ్చి పడితే ఛాతీ ఉబ్బిపోతుంది, గుండెకు తిరిగొచ్చే రక్తం తగ్గుతుంది, బీపీ పడిపోతుంది. ఇలాంటి మనిషికి వెంటిలేటర్‌లో అలవాటు కొద్దీ నిమిషానికి 20 శ్వాసలు పెట్టడం చేటే.

చెయ్యి తిరిగిన ఐసీయూ డాక్టరు 12 పెడతారు. అంటే ఒక్కో శ్వాసకు 5 సెకన్లు. గాలిని ఒక్క సెకనులో లోపలికి పంపేస్తే వదలడానికి 4 సెకన్లు మిగులుతాయి. అదే 20 దగ్గర ఉంచితే మిగిలేది 2. ఆ తర్వాత కన్నంతా తెర మీద గాలి వేగం చూపే గీత మీదే. ఊపిరి వదిలేటప్పుడు సున్నా కిందికి దిగిన గీత, మరో శ్వాస మొదలయ్యేలోగా మళ్లీ సున్నాను తాకిందా? తాకలేదంటే లోపల గాలి చిక్కుకునే ఉంది. బీపీ హఠాత్తుగా పడితే శ్వాసనాళంలోకి వేసిన గొట్టాన్ని కాసేపు యంత్రం నుంచి విడదీసి ఛాతీని ఖాళీ కానిస్తారు. కార్బన్ డయాక్సైడ్‌ను అందరికీ ఉండే అంకెకు దించే తొందరా ఉండదు. ఆ రోగి రోజూ ఏ అంకెతో బతుకుతున్నాడో అక్కడికి చేరిస్తే చాలు. రక్తంలో ఆక్సిజన్ 88 నుంచి 92 శాతం ఉంటే చాలు. 90 చూసి బంధువులు కంగారుపడతారు, 99 చూస్తే డాక్టరు కంగారుపడతారు.

అసలు గొట్టమే వేయకుండా గట్టెక్కిస్తే అంతకు మించిన పనితనం లేదు. లోరాన్ బ్రోషార్ బృందం ఐరోపా ఆస్పత్రుల్లో 85 మందిపై చేసిన అధ్యయనం 1995లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. మామూలు చికిత్స పొందిన 42 మందిలో 31 మందికి గొట్టం వేయాల్సొచ్చింది, 12 మంది చనిపోయారు. మాస్క్ ద్వారా వెంటిలేటర్ పెట్టిన 43 మందిలో గొట్టం 11 మందికే, మరణాలు 4. అయితే ఆ 85 మందీ ఐసీయూల్లో చేరిన 275 మంది సీఓపీడీ రోగుల్లోంచి ఎంచినవాళ్లు. మాస్క్ ఎవరికి పనికొస్తుందో పోల్చుకోవడమూ విద్యే మరి.

ఆ మాస్క్ తొడగడంలోనే ఉంది నర్సు నేర్పంతా. ఆయాసంతో గింజుకుంటున్న మనిషి ముఖాన్ని ఒక్కసారిగా మూసి పట్టీలు బిగిస్తే పీకి పారేస్తాడు. ముందు తక్కువ ఒత్తిడితో చేత్తో పట్టుకుని ఆనిస్తారు, కుదిరితే రోగి చేతికే ఇస్తారు. శ్వాస యంత్రంతో కలిశాక ఒత్తిడి పెంచి, అప్పుడు పట్టీలు. కళ్లలోకి గాలి కొట్టకూడదు, ముక్కుదూలం ఒరుసుకుపోకూడదు. కాసేపటికి చేసే రక్తపరీక్షల్లో పీహెచ్ మెరుగుపడకపోతే మాత్రం మాస్క్ మీద మమకారం పెట్టుకోరు, గొట్టానికి సిద్ధమవుతారు.