కొలబద్ద లేని ఎత్తు

ఎత్తైన వంతెనను ఫొటో తీస్తే అన్నీ పడతాయి, ఎత్తు తప్ప. అమెరికాలోని వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలో న్యూ రివర్ గార్జ్ వంతెన ఉంది. 1977లో పూర్తయిన ఈ ఉక్కు వంతెన మీది రోడ్డుకీ కింద పారే నదికీ మధ్య 876 అడుగుల ఎడం, అంటే 267 మీటర్లు. మన నాగార్జునసాగర్ డ్యామ్ లాంటివి రెండు ఒకదాని మీద ఒకటి నిలబెట్టినా పైన ఇంకా ఖాళీ మిగులుతుంది. దాని ఆర్చి 1,700 అడుగులు. 2003లో షాంఘైలో లుపు వంతెన వచ్చేదాకా ప్రపంచంలో అంతకన్నా పొడవైన ఆర్చి వంతెన లేదు. వాషింగ్టన్ డీసీ చుట్టుపక్కల ఉండే మనవాళ్లు లాంగ్ వీకెండ్ వస్తే కారులో వెళ్లిరాగల దూరమే. అక్కడ తీసిన ఫొటోల్లో మామూలుగా ఏముంటుంది? పచ్చటి కొండలు, వాటి నడుమ గోధుమరంగు విల్లు, అడుగున సన్నటి నీటి చార. చూడ్డానికి బాగానే ఉంటాయి. కానీ ఆ వంతెన ఎత్తు వంద అడుగులని ఎవరైనా చెబితే మారుమాట్లాడకుండా నమ్మేస్తాం.

తప్పు కెమెరాది కాదు. దూరంగా ఉన్నదాని పరిమాణం కంటికి అందాలంటే, పరిమాణం ముందే తెలిసిన వస్తువు ఏదో ఒకటి దాని పక్కన ఉండాలి. లోయలో అలాంటివి దొరకవు. చెట్లున్నాయి గానీ, చెట్టు పదడుగులదీ కావచ్చు, వందడుగులదీ కావచ్చు. కొండవాలంతా అవే పరుచుకుంటే దూరానికి పొదల్లా ఉంటాయి. నది ఇంత వెడల్పు ఉంటుందని ముందే ఎవరికీ తెలియదు. పైగా ఈ వంతెనకి వాడింది కోర్‌టెన్ ఉక్కు. పైన పట్టిన తుప్పు పొరే లోపలి లోహాన్ని కాపాడుతుంది కాబట్టి రంగు వేసే పని లేదు. అక్టోబరులో ఆకులు రంగు మారేసరికి ఆ తుప్పు రంగు కాస్తా అడవిలో కలిసిపోతుంది. ఇక మిగిలిన ఆధారం రోడ్డు మీద పోయే ట్రక్కే. అమెరికా హైవేల మీద తిరిగే పెద్ద ట్రక్కు వెనకపెట్టె సాధారణంగా 53 అడుగులుంటుంది. అలాంటివి పదహారు నిలువునా పేర్చినా వంతెన మీంచి నీళ్లదాకా అందవు. చాలామంది మాత్రం ట్రక్కు దాటిపోయేదాకా ఆగి, రోడ్డు ఖాళీ అయ్యాకే బటన్ నొక్కుతారు. చేతికొచ్చిన కొలబద్దను పారేసుకోవడమే అది.

ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణం అదే ప్రాంతంలోని ఇంకో ఆకర్షణ. పాత యూఎస్ 60 రోడ్డు పక్కన, ఆన్‌స్టెడ్ ఊరి దగ్గర ‘మిస్టరీ హోల్’ ఉంది. ఒంటినిండా రంగులు పూసుకున్న షెడ్డు, దాని నెత్తిన గొరిల్లా బొమ్మ, గోడలోకి దూసుకుపోయినట్టు బిగించిన ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కారు. 1970ల నుంచీ దారినపోయేవాళ్లను ఆపుతున్న వింత ఇది. టికెట్ కొనుక్కుని లోపలికి దిగితే బంతి ఎగువకి దొర్లుతుంది, నీళ్లు పైకి పారుతున్నట్టుంటాయి. నిజానికి ఒరిగింది గది. బయటి నేల, ఆకాశం కనబడనివ్వరు కాబట్టి కన్ను ఆ గోడలనే నిట్టనిలువుగా ఉన్నట్టు లెక్కేసుకుంటుంది. కాలిఫోర్నియాలో ఇలాంటిదే అయిన శాంటాక్రూజ్ మిస్టరీ స్పాట్ మీద బర్క్‌లీ మనస్తత్వ శాస్త్రవేత్తలు ఆర్థర్ షిమమురా, విలియం ప్రింజ్‌మెటల్ 1999లో ప్రచురించిన పరిశోధన చెప్పేదీ ఇదే: చుట్టూ ఉన్న చట్రం ఒరిగితే మన నిలువు, అడ్డం లెక్కలు దానితోపాటే ఒరుగుతాయి. వంతెన ఫొటోలో ఆధారం లేక ఎత్తు పోతోంది, ఇక్కడ దొంగ ఆధారం దొరికి వాలు తిరగబడుతోంది. రెండుచోట్లా జరుగుతున్నది ఒకటే.

వ్యూపాయింట్ సెల్ఫీ కూడా దొంగ ఆధారమే. మనిషి ఎంత ఉంటాడో అందరికీ తెలుసు కదా, మనిషిని నిలబెడితే కొలత వచ్చేస్తుంది కదా అనొచ్చు. రాదు. కెమెరాకి చేయిచాపు దూరంలో ఉన్న ముఖం ఫ్రేమ్‌లో చాలా చోటు ఆక్రమిస్తుంది, ఎక్కడో దూరాన ఉన్న వంతెన చెవి పక్కన బొమ్మలా తేలుతుంది. కొలబద్ద ఎప్పుడూ కొలవాల్సిన వస్తువుతో సమాన దూరంలో ఉండాలి. ట్రక్కు పనికొచ్చేది అందుకే. రోడ్డు కింద ఇనుప చట్రంలో రెండడుగుల వెడల్పున్న నడకదారి ఉంది, అక్కడికి జనాన్ని తాళ్లు కట్టి తీసుకెళ్తారు. జూమ్ చేస్తే చీమల్లా కదిలే ఆ మనుషులు ట్రక్కును మించిన కొలబద్ద. చిక్కల్లా ఏమిటంటే, ట్రక్కు పోల్చుకునేంత జూమ్ చేస్తే నది ఫ్రేమ్‌లోంచి జారిపోతుంది, నది పట్టేలా వెనక్కి తగ్గితే ట్రక్కు చుక్కైపోతుంది. నన్నడిగితే వంతెన మొత్తం పట్టాలన్న ఆశ వదులుకోవాలి. కెమెరా నిలువుగా తిప్పి, ఆర్చిలో ఒక ముక్క, పైన ట్రక్కు, అడుగున నీళ్లు వచ్చేలా తీయాలి. ఆర్చి తెగుతుంది. తెగనివ్వండి.

ఫొటో కింద ‘876 అడుగులు’ అని రాస్తే సరిపోదా అనేవాళ్లుంటారు. అంకె చదివితే తెలుస్తుంది గానీ కనపడదు. కశ్మీర్‌లో చీనాబ్ రైలు వంతెన నదికి 359 మీటర్ల ఎత్తున ఉందని చెప్పి మన రైల్వే ఊరుకోలేదు, ఐఫిల్ టవర్ కన్నా 35 మీటర్లు ఎక్కువని కూడా చెప్పింది. ఇంజనీర్ల అంకెకే పోలిక తోడు కావాల్సి వచ్చినప్పుడు ఫొటోకి మరీ అవసరం. అందమైన దృశ్యంలో ట్రక్కు మచ్చలా ఉంటుందన్న అభ్యంతరాన్ని మాత్రం నేను అసలు ఒప్పుకోను. అది నడవడానికే ఆ వంతెన కట్టారు. డ్రోన్ ఉంటే ఈ బాధలేవీ ఉండవంటారు ఇంకొందరు. అమెరికా జాతీయ పార్కుల్లో 2014 నుంచీ డ్రోన్లు ఎగరేయనివ్వడం లేదు, ఈ లోయా 2020లో జాతీయ పార్కైంది. ఎగరేయనిచ్చినా పైనుంచి చూస్తే లోతు మరింత చదునైపోతుంది.

చేయగలిగిన పని కిందికి దిగడం. వంతెన లేని రోజుల్లో లోయ దాటించిన ఫేయెట్ స్టేషన్ రోడ్డు ఇప్పటికీ ఉంది. ఇప్పుడు నిమిషంలోపు అయ్యే దాటుడికి అప్పట్లో నలభై నిమిషాలు పట్టేది. మలుపు మీద మలుపు తిరుగుతూ దిగితే నది ఒడ్డున పాత దారి తాలూకు చిన్న వంతెన వస్తుంది. అక్కడి నుంచి తల ఎత్తి, రెండు వంతెనలూ పడేలా ఒక్క ఫొటో తీస్తే చాలు. సమాన దూరం నియమం ఇక్కడ తప్పాం కదా అంటే, తప్పాం. కానీ దగ్గరున్న చిన్న వంతెన ఫొటోలో తన వంతుకన్నా పెద్దగా పడుతుంది, దూరానున్న పెద్దది చిన్నగా పడుతుంది. అంతటి మొగ్గు ఇచ్చినా చిన్నది పెద్దదాని ముందు ఆనదు. అంటే ఆ ఫొటో ఎత్తును తగ్గించి చూపిస్తోందే గానీ పెంచి చూపించడం లేదు.