చెకుముకి గోడలు, దేవదూతల కప్పు

ఇంగ్లండ్ తూర్పు తీరాన, సఫక్ కౌంటీలో బ్లైబరో అనే చిన్న ఊరుంది. బ్లైత్ నది బురదనేలల పక్కన, ఊరి స్థాయికి ఏమాత్రం పొంతన లేనంత పెద్ద చర్చి అక్కడ నిలబడి ఉంటుంది. పేరు హోలీ ట్రినిటీ. చుట్టుపక్కల వాళ్లు దాన్ని చిత్తడినేలల కెథడ్రల్ అంటారు. మధ్యయుగంలో బ్లైబరో ఓడలు వచ్చిపోయే రేవు. సంత జరిగేది, అగస్టీనియన్ సన్యాసుల మఠం ఉండేది. తమ ఆత్మశాంతికి ప్రార్థనలు జరగాలని జనం వీలునామాల్లో చర్చికి సొమ్ము రాసిపెట్టే కాలమది. ఇప్పుడు కనిపించే కట్టడం 15వ శతాబ్దంలో లేచింది.

సఫక్‌లో మంచి కట్టుడు రాయి దొరకదు. అక్కడి నేలలో దొరికేదల్లా చెకుముకి రాయి. గుండ్రంగా, ఎగుడుదిగుడుగా ఉండే ఈ రాయితో గోడ మూలను సూటిగా తీయడం కష్టం. ఈ ప్రాంతంలో పాత చర్చిలకు గుండ్రటి గోపురాలు ఎక్కువగా ఉండడానికి ఇదీ ఒక కారణమని చెబుతారు. సున్నపు గచ్చు గట్టిపడడానికి చాలా సమయం పడుతుంది కాబట్టి గోడను కొన్ని వరుసలు లేపి, ఆరనిచ్చి, ఆ తర్వాతే పైకి కట్టేవారు. ఇలాంటి మొండి రాయి నుంచే ఇక్కడి మేస్త్రీలు ఒక గొప్ప కళ సాధించారు. చెకుముకిని పగలగొడితే లోపలి నల్లటి, నున్నటి ముఖం బయటపడుతుంది. ఆ ముఖాన్ని బయటికి పెట్టి, వేరే చోటి నుంచి తెప్పించిన లేతరంగు రాతి చట్రాల మధ్య సమతలంగా పొదిగేవారు. బ్లైబరో తూర్పు గోడ మీద కిరీటాలతో ఉన్న అక్షరాలు ఈ పనితనానికి సాక్ష్యం. నలుపు తెలుపుల్లో మెరిసే ఆ గోడకు రంగుల అవసరమే లేదు.

లోపలికి అడుగుపెడితే వెలుగే వెలుగు. మధ్య మందిరానికి పైభాగాన అటూ ఇటూ 18 చొప్పున కిటికీలున్నాయి. పైన మోయాల్సింది రాతి కమాను కాదు, కొయ్య కప్పు. అందుకే గోడలో అన్ని కిటికీలు తెరవగలిగారు. కప్పు దాదాపు చదునుగా ఉంటుంది. సీసపు రేకు పరిస్తే ఏటవాలు ఎక్కువ అక్కర్లేదు. మధ్యలో కాస్త ఉబ్బెత్తుగా ఉన్న దూలాల మీద రెక్కలు చాచిన దేవదూతలు జంటలుగా ఉంటారు. ఒకరి చూపు తూర్పుకు, ఒకరి చూపు పడమటికి. వాటి మీదా దూలాల మీదా ఆనాటి రంగు ఇంకా మిగిలే ఉంది. నా దృష్టిలో ఈ చర్చి అసలు సంపద ఆ కప్పే.

1577 ఆగస్టు 4న, ఆదివారం, తుఫానులో పిడుగు పడి గోపుర శిఖరం కప్పు మీదికి కూలింది. నల్ల కుక్క రూపంలో సైతాను వచ్చాడని జనం కథ అల్లుకున్నారు. ఉత్తరపు తలుపు మీది కాలిన మచ్చలను దాని గోళ్ల గుర్తులని నేటికీ చూపిస్తారు. 1644లో, చర్చిల్లో బొమ్మలు, ప్రతిమలు ఉండకూడదనే ప్యూరిటన్ వర్గానికి చెందిన విలియం డౌసింగ్ వచ్చి, 20 దేవదూతలను దించేయమని ఆజ్ఞాపించాడు. అయినా చాలా వరకు అవి అలాగే ఉండిపోయాయి. వాటిలో దిగిన తుపాకీ గుళ్లు డౌసింగ్ మనుషులవని చాలాకాలం అనుకున్నారు. కానీ 18వ శతాబ్దపు చర్చి లెక్కల్లో, లోపల చేరిన కాకిజాతి పక్షులను కాల్చినవాళ్లకు ఇచ్చిన కూలి రాసి ఉంది.

మఠం మూతపడింది. నది పూడికతో రేవు పోయింది. ఊరు పేదదైంది. ఆ పేదరికమే చర్చిని కాపాడిందని నమ్ముతాను. డబ్బున్న ఊళ్లలో విక్టోరియా కాలంలో పాత చర్చిల లోపలి భాగాలను గీకి, మార్చి, కొత్తగా చేశారు. ఇక్కడ ఆ స్తోమత లేకపోయింది. 1881లో కట్టడం ప్రమాదకరంగా ఉందని బిషప్ మూసివేయించినప్పుడు, బాగుచేసే తీరు మీద పెద్ద వివాదం నడిచింది. పాత కట్టడాలను మరమ్మతు చేయాలే తప్ప కొత్తగా మార్చకూడదని 1877లో విలియం మోరిస్ స్థాపించిన సంఘం అందులో గట్టిగా వాదించింది. ఈ విషయంలో మోరిస్‌ది పూర్తిగా సరైన మాట. కొత్త రంగు పూసి ఉంటే, ఆనాటి చిత్రకారుల చేతిపని అడుగున పడి పోయేది.

1969లో స్నేప్‌లోని తమ కచేరీ మందిరం కాలిపోతే, ఆల్డ్‌బరా సంగీతోత్సవం వాళ్లు మోజార్ట్ ఒపెరా ఇడోమెనియోను ఈ కప్పు కిందే ప్రదర్శించారు.